బండికి బాప్తిస్మం

కార్వెల్ ఊళ్లో ఎవరు కొత్త పికప్ ట్రక్కు కొన్నా, సొంత ఇంటికంటే ముందు ఆర్విన్ టాలివర్ వాకిట్లో ఆపాల్సిందే. బండికి బాప్తిస్మం కావాలి మరి! ఆర్విన్ పాస్టరేమీ కాదు. ఆ బళ్లు తయారయ్యే ఊరి ఫ్యాక్టరీలోనే వెంట్రుకలు నెరిసేదాకా పనిచేసి రిటైరైన మనిషి. నడుం పట్టేసి మంచం మీంచి లేవడానికి మూలుగుతాడు గానీ, బండి కిందికి పాకమంటే మాత్రం ఊళ్లో పడుచువాళ్లంతా అతని ముందు దిగదుడుపే.

జులై నెల ఆ శనివారం ట్రినీ ఓచోవా వంతు. ఫ్యాక్టరీలో ఆర్విన్ భార్య మావిస్ పక్కనే నిలబడి బిగింపు పనిచేసే మనిషి ట్రినీ. ఎర్రటి కొత్త బండిని వాకిట్లోకి తెచ్చి, హారన్ కొట్టి, పెళ్లికూతురి చెయ్యి పట్టుకుని దింపినట్టు తలుపు తెరిచాడు. వాళ్లమ్మ మొక్కజొన్న పిండితో ఆవిరి మీద వండిచ్చిన టమాలెల గిన్నె, బీరు సీసాలు వెనక తొట్టిలోంచి దిగాయి. ఇరుగుపొరుగు కుర్చీలు మోసుకుంటూ వచ్చేశారు.

ఆర్విన్ పాత తోటగొట్టం ముక్క ఒకటి మూరెడు పొడుగున కోశాడు. దాన్ని కత్తితో నిలువునా చీల్చి, అట్ట పరుచుకుని వెల్లకిలా బండి కిందికి జారాడు. క్యాబిన్ వెనక, ఛాసిస్ అడ్డకమ్మీ మీదుగా వైర్ల కట్ట వెళ్లేచోట ఆ గొట్టాన్ని తొడిగి, రెండు ప్లాస్టిక్ పట్టీలతో బిగించాడు. బయటికొచ్చి ముందు టైరు మీద కాస్త బీరు ఒలకబోసి, ఎప్పుడూ అనే మాటే అన్నాడు.

"ఇక పోరా నాయనా. దారిలో ఆగావో, నా పేరు మాత్రం చెప్పకు!"

అందరూ ఈలలు వేశారు. ఆ గొట్టం ఎందుకని ఎవరూ అడగరు. లోపం అనే మాట ఆ వాకిట్లో ఎవరి నోటా రాదు. సొంత బిడ్డకు మెల్లకన్నుంటే ఊరంతా చాటింపు వేసుకుంటామా? ఏ కాలంలోనో ఎవరో పైవాళ్లకు చెప్పి చూశారు, నక్షాలో అంతా సరిగ్గానే ఉంది పొమ్మన్నారు. అప్పటినుంచీ ఊరు తన దారి తను చూసుకుంది.

"పత్రిక చూశావా?" అన్నాడు ట్రినీ, బీరు మూత పీకుతూ. "నమ్మకమైన బళ్లని వరస వేశార్ట. మనది ఎక్కడుందో తెలుసా? అడుగున! జపాన్ వాడిది పైన కూచుంది."

"ఆ రాసినవాడు బతుకులో పానా పట్టుకున్నాడా అసలు?" అంది మావిస్. ఆమెకు చర్రున కోపం వచ్చింది. "ఇదిగో, ఈ వీధి చూడు. ఇంటింటికీ మన బండే. ఒక్కటి ఆగిందా? ఒక్కటి చూపించమను, నా పేరు మార్చుకుంటా."

"అట్లా అడుగు తల్లీ!" అని కేక వేశాడు ట్రినీ. తర్వాత కాస్త గొంతు తగ్గించాడు. "కానీ జనం ఆ పత్రికే నమ్ముతున్నారు. అమ్మకాలు పడిపోయాయి. చలికాలంలోగా ఒక షిఫ్టు ఎత్తేస్తారంటున్నారు. ఎత్తేస్తే ముందు పోయేది వెనకొచ్చిన మా బ్యాచే. బండి కొని తప్పు చేశానేమో."

"నోర్ముయ్. మంచిరోజున ఏం మాటలవి?" అని మావిస్ అతని పళ్లెంలో బంగాళాదుంపల సలాడ్ ఇంకో గరిటె కుమ్మరించింది. కడుపు నిండితే భయం తగ్గుతుందని ఆమె నమ్మకం.

మర్నాడు చర్చి నుంచి అటే మావిస్ ఒక్కతే చెల్లెలి ఇంటికి వెళ్లింది. ఉత్తరాన చెర్రీ తోటల వైపు ఆ ఊరు. మధ్యాహ్నం తిరిగొస్తుంటే రోడ్డు పక్కన నీలం రంగు పికప్ ఒకటి బానెట్ తెరుచుకుని నిలబడి ఉంది. దూరం నుంచే గుర్తుపట్టింది. కార్వెల్ బండి! వెనక తొట్టినిండా చెర్రీ పండ్ల పెట్టెలు, వాటిమీద తడిపిన గోనెపట్టాలు. పట్టాలు ఎండకు అప్పుడే ఆరిపోతున్నాయి. ముక్కు చర్మం ఎండకు ఊడిపోయిన ఒకావిడ, సీసాలో మిగిలిన తాగే నీళ్లను పండ్లమీద చల్లుతోంది.

మావిస్ బండి ఆపి దిగింది. "ఏమైందమ్మా?"

"ఏమవుతుంది? ఎప్పుడూ అయ్యేదే," అందా ఆవిడ. "చావుకబురు కూడా చెప్పకుండా ఆగిపోయింది. సాయంత్రం లోపల కొట్టుకి చేరకపోతే ఈ పండ్లన్నీ పందులకే. మా ఆయన ఇంకో తోటలో ఉన్నాడు, ఫోనెత్తట్లేదు."

ఆమె పేరు జోహన్నా. ఈ ఏడాదిలో బండి ఇలా ఆగడం ఇది మూడోసారట. షోరూముకు తీసుకెళ్తే ఫ్యూజు మార్చి పంపించారట. మావిస్ ఇంకేమీ అడగలేదు. ఆదివారపు గౌను మోకాళ్ల పైకి ముడేసుకుని, చర్చి చెప్పులు విప్పేసి, గడ్డిమీద వెల్లకిలా పడుకుని బండి కిందికి జరిగింది.

అడ్డకమ్మీ దగ్గర వైర్ల కట్ట మీద ఏ తొడుగూ లేదు. ఇనుప అంచుకు రాసుకుని రాసుకుని, పైతోలు తెగి, లోపల రాగి మెరుస్తోంది. అది కమ్మీకి తగిలినప్పుడల్లా ఫ్యూజు పోతుంది, పెట్రోలు పంపు ఆగిపోతుంది, బండి కదలదు. అదంతా మావిస్ చూడకుండానే చెప్పగలదు. ఆమె చూపు మాత్రం ఆ పక్కనున్న క్లిప్పు మీద ఆగింది. ఆఖరి క్లిప్పును బొటనవేలితో నొక్కేటప్పుడు ఆమె దాన్ని కాస్త ఎడమకు ఒరగనిస్తుంది. లైన్లో ఇంకెవరూ అలా నొక్కరు. ఈ క్లిప్పు ఎడమకు ఒరిగి ఉంది.

తన చేతిపనే.

తన బండిలోంచి టేపూ ఫ్యూజూ తెచ్చింది. కాళ్లకింద పరిచే రబ్బరు పట్టా అంచు కోసి, తెగిన చోటు చుట్టి, గట్టిగా కట్టింది. కొత్త ఫ్యూజు పెట్టి తాళం తిప్పమంది. ఇంజను ఒక్క పిలుపుకే పలికింది.

"అమ్మ దొంగా!" అని జోహన్నా బండిని అరచేత్తో చరిచింది. పరుగెత్తుకొచ్చి మావిస్‌ను వాటేసుకుంది. "నువ్వెవరు తల్లీ? షోరూమువాళ్లకి తెలియనిది నీకెలా తెలిసింది?"

"ఈ బళ్లు మా ఊళ్లోనే చేస్తాం," అంది మావిస్. చెబుతుంటే ఎప్పట్లాగే గర్వం తన్నుకొచ్చింది. "ఇక్కడ రాసుకుంటుందని మా ఊళ్లో అందరికీ తెలుసు. కొన్న రోజే ఓ గొట్టం ముక్క తొడిగేస్తాం. మా బళ్లు ఒక్కటీ ఆగవు."

జోహన్నా చేతులు మెల్లగా వదిలేసింది.

"అందరికీ తెలుసా?"

మావిస్ వంగి చర్చి చెప్పుల్లో కాళ్లు దూర్చింది.

"మరి మాకెవరు చెబుతారు?" అంది జోహన్నా. ఆమె అరవలేదు. అరిచినా బాగుండేది. "మా ఆయన జపాన్ బండి కొందామన్నాడు. నేనే పోట్లాడి వద్దన్నా. మనవాళ్లు చేసిందే కొందాం, వాళ్లకీ ఇళ్లూ పిల్లలూ ఉంటారన్నా. పోయినసారి ఇది రైలు పట్టాల మీద ఆగింది. రైలు రాలేదు, దేవుడి దయ. నా కూతురు పక్క సీట్లో ఉంది."

ఆమె ఓ పెట్టెడు చెర్రీలు దించి మావిస్ సీట్లో పెట్టింది. వద్దన్నా వినలేదు. చేసిన మేలుకు చెల్లు అన్నట్టు పెట్టి వెళ్లిపోయింది. దారంతా ఆ పండ్ల వాసన బండినిండా కమ్ముకునే ఉంది.

ఇంట్లో ఆర్విన్ చిక్కుళ్లు ఉడికించి, మొక్కజొన్న రొట్టె కోసిపెట్టి ఎదురుచూస్తున్నాడు. మావిస్ కూర్చుని అంతా చెప్పింది. అతను రొట్టెను రసంలో ముంచుతూ విన్నాడు.

"పాపం," అన్నాడు. "ఆ షోరూమోళ్లు దద్దమ్మలు."

"షోరూమోళ్లు కాదు ఆర్విన్. మనం. రేపు లైన్లో తాడు లాగుతా."

ఆర్విన్ చేతిలో రొట్టె ఆగిపోయింది. బిగింపు లైను పొడుగునా తలపైన ఒక తాడు వేలాడుతుంటుంది. పనిలో తేడా వస్తే ఎవరైనా లాగి లైను ఆపొచ్చని రూలు. రూలు రూలే. పని తెలిసినవాళ్లు దాన్ని ముట్టుకోరు. లాగినవాణ్ణి చేతకానివాడని నెలల తరబడి ఏడిపిస్తారు. మావిస్ చేరిన నాటినుంచీ లాగలేదు. ఆర్విన్ రిటైరయ్యేదాకా లాగలేదు. అది వాళ్లింటి పరువు.

"షిఫ్టు ఎత్తేయడానికి వాళ్లు సాకు వెతుకుతున్నారు," అన్నాడు ఆర్విన్. "నీ చేత్తో నువ్వే ఇస్తావా? ట్రినీ గతేం కాను? మన బండి పరువేం కాను?"

"ఏం పరువు? ఊరి పొలిమేర దాటితే మనకి పరువుందా? బళ్లు ఆగట్లేదని ఇన్నాళ్లూ మురిసిపోయాం. ఆగకుండా చేస్తున్నది నువ్వు. నేను కాదు, ఫ్యాక్టరీ కాదు."

ఆర్విన్ ముఖం మాడిపోయింది. తను చేసే మంచిపనిని పెళ్లాం తప్పుపడుతోందో మెచ్చుకుంటోందో అతనికి అర్థం కాలేదు. పళ్లెం తీసుకెళ్లి అంట్ల తొట్టిలో దభీమని పడేసి, చెర్రీలకేసి చూడకుండా వెళ్లి పడుకున్నాడు.

సోమవారం లైను ఎప్పట్లాగే మొదలైంది. ఛాసిస్‌లు ఒకదాని వెనక ఒకటి నెమ్మదిగా వస్తున్నాయి. మావిస్ చేతితొడుగు బొటనవేలి కొస కత్తిరించి ఉంటుంది. క్లిప్పు కూర్చున్నదీ లేనిదీ వేలికే తెలియాలి. మొదటి ఛాసిస్ వచ్చింది. వైర్ల కట్ట పరిచింది, క్లిప్పులు ఒక్కొక్కటీ నొక్కుకుంటూ అడ్డకమ్మీ దాకా వచ్చింది. అక్కడ ఆగింది. చెయ్యెత్తి తాడు లాగింది.

గంట మోగింది. లైను ఒళ్లు విరుచుకున్నట్టు ఒక్క కుదుపు కుదిపి ఆగిపోయింది. అటునుంచి ఎవడో "ఎవర్రా ఆ చేతకాని వెధవ?" అని కేకేశాడు. మావిస్ అని తెలిశాక మళ్లీ నోరెత్తలేదు.

ఫోర్‌మన్ ప్రెంటిస్ గబగబా వచ్చాడు. చెడ్డవాడు కాదు, పైనుంచీ కిందనుంచీ తిట్లు తినే ఉద్యోగం. "ఏమైంది మావిస్? వేలు నలిగిందా?"

"వేలు బానే ఉంది. ఇదిగో, ఈ అంచు బాలేదు. ఇక్కడ వైరు తెగుతుంది. దీనికో తొడుగు కావాలి, లేదా కట్ట పక్కనుంచి పోవాలి."

ప్రెంటిస్ అటూ ఇటూ చూసి దగ్గరికొచ్చాడు. "ఇది నాకు తెలియదనుకున్నావా? పైన చెప్పలేదనుకున్నావా? చెబితే ఏమన్నారో తెలుసా? మీ కార్వెల్ షోరూములో ఈ వైర్ల మీద ఎన్ని ఫిర్యాదులున్నాయో చూడమన్నారు. ఒక్కటీ లేదు. సున్నా! దేశమంతా మొత్తుకుంటుంటే, బళ్లు చేసేవాళ్ల ఊళ్లో మాత్రం చీమ చిటుక్కుమనదు. అంటే ఏమిటట? బండి బానే ఉంది, బయటివాళ్లకి వాడుకోవడం రాదు అని. ప్రతి మీటింగులోనూ మన ఊరినే చూపిస్తారు."

మావిస్‌కు అప్పుడు అర్థమైంది. తోటగొట్టాలు, బీరు, ఈలలు, ట్రినీ ఎర్రబండి అన్నీ కళ్లముందు తిరిగాయి.

"నీ బండి కింద ఏముంది ప్రెంటిస్?" అని అడిగింది.

అతను చూపు తిప్పుకున్నాడు. అతని బండికీ ఆ వాకిట్లోనే బాప్తిస్మం అయింది. "పని చూడు," అని చెయ్యి ఊపాడు. లైను కదిలింది. రెండో ఛాసిస్ వచ్చింది. మావిస్ క్లిప్పులు నొక్కుకుంటూ వచ్చి, తాడు లాగింది.

"మావిస్!" ప్రెంటిస్ ముఖం ఎర్రబడింది. "ఇలా ఎన్నిసార్లు లాగుతావు?"

"బండికొకసారి."

మూడోది ఆపాక ఆమెను లైన్లోంచి తీసేశారు. గిడ్డంగిలో సీటుబెల్టుల పెట్టెలు పేర్చమన్నారు. ఆమె చోట ట్రినీని నిలబెట్టారు. మావిస్ చేతితొడుగులు విప్పి పక్కన పెడుతుంటే ట్రినీ పళ్లు కొరికాడు.

"నా కొంప ముంచావు. నీకు సీనియారిటీ ఉంది, ఏం చేసినా చెల్లుతుంది. నాకు?"

"నీకోసమేరా. బళ్లు ఇట్లా ఆగిపోతుంటే కొనేదెవరు?"

"నాకోసం ఎవరు చెయ్యమన్నారు?"

మంగళవారం క్యాంటీన్లో మావిస్ కూర్చున్న బల్ల దగ్గరికి ఎవరూ రాలేదు. ఎన్నో ఏళ్లుగా ఆమె చేతి వంట లాక్కుని తిన్నవాళ్లు, ఆమెను దాటుకుని వెళ్లి అవతల ఇరుక్కుని కూర్చున్నారు. ఆమె తలెత్తుకునే తింది. బయటికొచ్చేటప్పుడు గిడ్డంగి తలుపులోంచి లైను కనిపించింది. ట్రినీ అడ్డకమ్మీ దగ్గరకొచ్చినప్పుడల్లా ఒక్క క్షణం తలెత్తి తాడుకేసి చూస్తున్నాడు. లాగడం లేదు.

సోమవారం రాత్రికే సంగతంతా ఆర్విన్ చెవిన పడింది. ఊళ్లో గాలికంటే ముందు ఆ మాటే తిరిగింది. ఆ రాత్రి అలిగి ముందే పడుకున్నవాడు, మంగళవారం సాయంత్రం ఆమె ఇంటికి రాగానే "సంతోషమేనా?" అన్నాడు.

"ఇంకో మాట ఎవరూ నీకు చెప్పి ఉండరు," అంది మావిస్. ప్రెంటిస్ అన్న సున్నా సంగతి చెప్పింది. "పత్రిక ఏం రాసినా, తోటలవాళ్లు ఎంత మొత్తుకున్నా, వాళ్లు చూపించేది మన ఊరినే. ఆ సున్నా చుట్టింది మనమే ఆర్విన్. నువ్వు నడుం విరగ్గొట్టుకుని చేసిన మంచిపనంతా జోహన్నా బండిని పట్టాల మీద నిలబెట్టింది."

ఆర్విన్ లేచి, అట్ట తీసుకుని, వాకిట్లోకి వెళ్లి, తన సొంత బండి కిందికి పాకాడు. ఎన్ని చలికాలాలు చూసినా ఒక్కసారీ మొరాయించని బండి అది. ఊరేగింపుల్లో ముందు నడిచేది. మావిస్ కిటికీలోంచి చూసింది. అలిగినప్పుడల్లా అక్కడికే పోతాడు. ఈసారి ఎందుకో లోపల్నుంచి పానా చప్పుడు రాలేదు, కత్తితో ఏదో కోస్తున్న చప్పుడు వచ్చింది.

బుధవారం షిఫ్టు దిగి గేటు బయటికొస్తే, ఆర్విన్ బండి ఎదురుగా ఆగి ఉంది. ఆమెను దింపడానికిగానీ ఎక్కించుకోవడానికిగానీ అతను ఆ గేటు దగ్గరికి రావడం రిటైరయ్యాక ఇదే మొదలు. స్టీరింగు ముందు కొత్త చొక్కా వేసుకుని, గడ్డం గీసుకుని ఉన్నాడు. చుట్టూ షిఫ్టు దిగినవాళ్లు చూస్తున్నారు.

"ఎక్కు," అన్నాడు.

"ఎక్కడికి? ఎవరైనా పోయారా?"

"ఎక్కు చెబుతా."

ఏమీ చెప్పలేదు. వంతెన దాటి, ప్రధాన వీధిలో కంపెనీ షోరూము ముందు ఆపాడు. సర్వీసు కౌంటరు దగ్గర నలుగురైదుగురు నిలబడి ఉన్నారు. ఆయిలు మార్పించుకోవడానికో, అద్దం తుడిచే పుల్లలు కొనడానికో తప్ప కార్వెల్‌వాళ్లు ఆ మెట్లెక్కరు. ఆర్విన్‌ను చూడగానే వాళ్లంతా జరిగి దారిచ్చారు. అతను వద్దని వెనకే నిలబడ్డాడు. వంతు వచ్చేదాకా టోపీ చేతిలో పట్టుకుని, దాని అంచు తిప్పుతూ ఉన్నాడు. మావిస్‌కు అతన్ని చెయ్యి పట్టుకుని బయటికి లాక్కుపోదామా అనిపించింది.

కౌంటరు వెనకాల డార్లా ఉంది, వాళ్ల నాన్న కూడా ఫ్యాక్టరీ మనిషే. "ఆర్విన్ బాబాయ్! నువ్వేంటి ఇక్కడ? ఆయిలా?"

"ఆయిలు నేనే మార్చుకుంటా," అన్నాడు ఆర్విన్. గొంతు సవరించుకున్నాడు. "కంప్లైంటు."

డార్లా నవ్వబోయి, అతని ముఖం చూసి మానేసింది.

"నీ బండి మీదా?"

"నా బండి మీదే. క్యాబిన్ వెనక అడ్డకమ్మీ దగ్గర వైర్లకి రక్షణ లేదు. రాసుకుని తెగుతాయి. నేను గొట్టం తొడిగి ఇన్నాళ్లూ దాచా. నిన్న పీకేశా. నేను కోసి తొడిగిన ప్రతి బండికీ ఇదే జబ్బు. పొద్దున్నుంచి ఇంటింటికీ తిరిగి చెప్పొచ్చా, ఎవరిది వాళ్లు పీకేసి ఇక్కడికి తెచ్చి రాయించుకోమని. వస్తారో రారో నాకు తెలియదు. ముందు నాది రాయి."

డార్లా కీబోర్డు మీద చేతులు పెట్టింది గానీ టైపు చెయ్యలేదు. "బాబాయ్, ఇది రాస్తే పైకి పోతుంది. ఎవరు చెప్పారని అడుగుతారు. ఇది లోపమని ఎవరన్నారు?"

ఆర్విన్ టోపీ తిప్పడం ఆపేశాడు. వెనక్కి తిరిగి మావిస్‌ను చూశాడు. పెళ్లినాడు చర్చిలో కూడా అతను ఇంతమంది ఎదుట ఆమెను అలా నిలబడి చూడలేదు.

"మా ఆవిడ," అన్నాడు, గదంతా వినపడేలా. "ఈ బండికి ఆ వైర్లు బిగించింది తనే. కార్వెల్‌లో అంతకంటే మంచి చెయ్యి లేదు. తను బాలేదంటే బాలేదు. మావిస్ టాలివర్ అని పూర్తి పేరు రాయి."

డార్లా టైపు చెయ్యడం మొదలుపెట్టింది. మావిస్ కళ్లు తుడుచుకోలేదు. తుడుచుకోవలసిన పనేముంది? ఎవరైనా చూస్తే చూడనీ. ముందుకొచ్చి మొగుడి పక్కన, కౌంటరు ఎదుట నిలబడింది. వెనక తలుపు తెరుచుకుంది, బూట్ల చప్పుడు ఆమె వెనకాలే వచ్చి ఆగింది.

"కాస్త త్వరగా కానివ్వండి తల్లీ," అన్నాడు ట్రినీ, చేతిలో పీకేసిన గొట్టం ముక్కతో, ఇంకా కోపంగానే. "నా వెనక ఇంకా జనం ఉన్నారు."